నెట్‌వర్క్ ఆటోమేషన్‌ను సర్వీస్ ఇన్వెంటరీకి ఏపీఐతో కలపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. అనంతపురంలో మీ ఇంటర్నెట్ కంపెనీలో స్విచ్‌లు, రౌటర్లు, ఓఎల్‌టీల (కస్టమర్ల ఫైబర్ లైన్లు వచ్చి కలిసే కంపెనీ వైపు పరికరాల) కన్ఫిగ్ పని ఇప్పటికే అన్సిబుల్ ప్లేబుక్‌లతో (పరికరాల సెట్టింగులను వాటంతటవే మార్చే స్క్రిప్టులతో) నడుస్తోంది. కస్టమర్ల సర్వీసుల వివరాలు మాత్రం వేరే ఇన్వెంటరీలో ఉన్నాయి. ఎవరికి ఏ ప్లాన్, ఏ పోర్ట్, ఏ వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌లో ట్రాఫిక్‌ను విడదీసే నంబర్) అన్నది అక్కడ చూసి, ఎక్సెల్‌లోకి దించుకుని, మళ్లీ ప్లేబుక్‌కు చేత్తో అందిస్తున్నారు. ఇన్వెంటరీకి రెస్ట్ ఏపీఐ, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని నేరుగా డేటా అడిగే మార్గం, ఉంది కాబట్టి రెండింటినీ నేరుగా కలపాలనుకుంటున్నారు.

నేను కర్నూలులో ఉంటాను. ఇక్కడా, నంద్యాల, ఆదోని, కడప వైపూ సైట్లున్న ఒక నెట్‌వర్క్‌లో ఇదే పని రెండేళ్లు చేశాను. ఏపీఐ కాల్ రాయడం ఒక సాయంత్రం పని. మిగతా కాలమంతా ఏ వివరానికి ఏ సిస్టమ్ యజమాని అని తేల్చుకోవడానికే సరిపోయింది. అది తేలకముందు కోడ్ జోలికి వెళ్లకండి.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్క సర్వీసుకు సంబంధించిన ఫీల్డులన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రెండు చోట్లా వేర్వేరుగా కనిపిస్తే ఎవరి మాట నెగ్గాలి? ప్లాన్ స్పీడ్, కస్టమర్ పేరు, అడ్రస్ విషయంలో ఇన్వెంటరీ మాటే చెల్లాలి. ఓఎన్‌టీ (కస్టమర్ ఇంట్లో ఉండే ఫైబర్ డబ్బా) ఆన్‌లైన్‌లో ఉందా, సిగ్నల్ ఎంత వస్తోంది అన్నది పరికరమే చెప్పాలి, మనిషి టైప్ చేయకూడదు. పోర్ట్, వీలాన్ దగ్గరే గొడవంతా. మా దగ్గర ఎన్‌ఓసీ (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్) వాళ్లు రాత్రిపూట ఫాల్ట్ వస్తే కస్టమర్‌ను పక్క పోర్ట్‌లోకి మార్చేసి, పొద్దున ఇన్వెంటరీలో సరిచేయడం మర్చిపోయేవాళ్లు. తర్వాత ఆటోమేషన్ నడిచి, ఇన్వెంటరీలో ఉన్న పాత పోర్ట్‌కే కన్ఫిగ్‌ను తిప్పేది. మళ్లీ ఫోన్లు, మళ్లీ టికెట్లు. చివరికి పోర్ట్ మార్చాలంటే ఇన్వెంటరీలోనే మార్చాలి, పరికరం మీద చెయ్యి వేయకూడదని నిర్ణయం తీసుకున్నాం. రాత్రి రెండు గంటలకు కూడా ఫోన్‌లోనే మార్చగలిగేలా వాళ్లకు చిన్న ఫారం చేసి ఇచ్చాకే ఆ నిర్ణయం నిలబడింది.

రెండోది, రెండు సిస్టమ్‌లలో ఉన్నది ఒకే సర్వీసు అని గుర్తుపట్టే ఐడీ. పేరుతో మాత్రం గుర్తుపట్టకండి. మా సైట్ పేర్లలో మొదటి మూడక్షరాలు జిల్లా పేరువి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నంద్యాల వేరే జిల్లా అయింది కదా అని ఇన్వెంటరీ చూసేవాళ్లు శ్రద్ధగా ఆ సైట్ల పేర్లు మార్చారు. ఓఎల్‌టీల హోస్ట్‌నేమ్‌లు మాత్రం కర్నూలు పేరుతోనే ఉండిపోయాయి. ఆ రోజు మా స్క్రిప్ట్‌కు నంద్యాల సైట్లన్నీ కొత్తగా పుట్టినట్టు, పాతవి మాయమైనట్టు కనిపించాయి. మీకూ హిందూపురం, ధర్మవరం సైట్లు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి ఒకసారి చూసుకోండి. కడప సంగతి ఇంకా పాతది. ఇంగ్లిష్‌లో దాని స్పెల్లింగ్ 2005లో మారింది, అయినా ఎక్సెల్ షీట్లలో ‘సి’తో మొదలయ్యేది, ‘కె’తో మొదలయ్యేది రెండూ తిరుగుతుంటాయి. కడప రైల్వే స్టేషన్ కోడ్ చూడండి, హెచ్‌ఎక్స్. ఊరి పేరుతో దానికి ఏ సంబంధమూ లేదు, స్పెల్లింగ్ మారినా ఆ కోడ్ అలాగే ఉంది. మీ ఐడీ కూడా అలా అర్థం లేనిదై ఉండాలి. ఇన్వెంటరీ ఇచ్చిన సర్వీస్ ఐడీనే తీసుకుని, ఓఎల్‌టీలో ఆ కస్టమర్ ఓఎన్‌టీ డిస్క్రిప్షన్‌లో కూడా అదే రాయండి. ఎప్పుడైనా రెండు వైపులా సరిచూడాలంటే ఆ ఒక్క నంబరే చాలు.

ఓఎన్‌టీ సీరియల్ నంబర్‌తో జత చేద్దామని మీకూ అనిపిస్తుంది. చేయొచ్చు, కానీ ఒక చిక్కుంది. జీపాన్ (ఈ ఫైబర్ పరికరాలు వాడే ప్రమాణం) సీరియల్ అంటే తయారీదారు నాలుగు అక్షరాలు, ఆ తర్వాత ఎనిమిది హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకు). ఫీల్డ్‌లో ఉన్న అబ్బాయి స్టిక్కర్ మీద చూసి ఆ నాలుగు అక్షరాలను అక్షరాలుగానే ఎక్కిస్తాడు. కొన్ని ఓఎల్‌టీలు మాత్రం వాటిని కూడా హెక్స్‌గా మార్చి, మొత్తం 16 అంకెలు చూపిస్తాయి. హువావే ఓఎన్‌టీ స్టిక్కర్ మీద హెచ్‌డబ్ల్యూటీసీ అని ఉంటే, ఓఎల్‌టీ తెర మీద అది 48575443 అవుతుంది. ఒకే డబ్బా, రెండు పేర్లు. నేను మొదటిసారి పోల్చి చూసినప్పుడు ఒక్కటి కూడా కలవలేదు. తప్పు ఏపీఐలో ఉందేమోనని రోజంతా వెతికాను. రెండింటినీ ఒకే రూపంలోకి మార్చే నాలుగు లైన్ల ఫంక్షన్ రాశాక అన్నీ వరసగా కలిశాయి.

ఇక ఏపీఐ దగ్గరికి వద్దాం. మీ ఇన్వెంటరీ ఏ రకమో మీరు రాయలేదు. టెలికాం ఉత్పత్తి అయితే చాలావరకు టీఎం ఫోరం అనే టెలికాం సంఘం ప్రమాణాల ప్రకారం ఉంటుంది. సర్వీస్ ఇన్వెంటరీకి టీఎంఎఫ్ 638, పోర్ట్‌లు, పరికరాలకు 639, ఆర్డర్లకు 641. నెట్‌బాక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ అయితే అన్సిబుల్‌కు రెడీమేడ్ ఇన్వెంటరీ ప్లగిన్ దొరుకుతుంది, పరికరాల జాబితా కోసం మీరు కోడ్ రాయనక్కరలేదు. ఏదైనా సరే, మొదటి నెల రోజులు చదవడం మాత్రమే చేయండి. టోకెన్ (ఏపీఐలోకి వెళ్లడానికి పాస్‌వర్డ్ లాంటిది) కూడా చదివే హక్కు మాత్రమే ఉన్నది తీసుకోండి. అది ఒక ఉద్యోగి పేరు మీద ఉండకూడదు, ఆటోమేషన్ కోసం వేరే అకౌంట్ అడగండి. లేకపోతే ఆ ఉద్యోగి మానేసిన రోజు మీ జాబ్‌లన్నీ ఆగిపోతాయి. టోకెన్‌ను ప్లేబుక్‌లో రాయకుండా, రహస్యాలను గుప్తంగా దాచే అన్సిబుల్ వాల్ట్‌లో పెట్టండి.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. మీరు అదే చేయకూడదనే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ఆదోనిలో ఒక ఓఎల్‌టీ మీద 212 సర్వీసులు ఉండేవి. ఇన్వెంటరీలో లేని సర్వీసు ఓఎల్‌టీ మీద కనిపిస్తే తీసేయమని నేనే స్క్రిప్ట్ రాశాను. కనెక్షన్ మూసేసినవాళ్ల కన్ఫిగ్ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటోంది, దాన్ని శుభ్రం చేద్దామని. టెస్ట్‌లో చిన్న సైట్ మీద బాగా నడిచింది. ఆదోని మీద రాత్రి తొమ్మిది దాటాక నడిపాను. పది నిమిషాల్లో ఎన్‌ఓసీ నుంచి ఫోన్: “అన్నా, ఆదోనిలో కస్టమర్లు ఒక్కొక్కరే పడిపోతున్నారు, ఫైబర్ కట్ లాగా లేదు.” లాగ్ తెరిస్తే తీసేశాను, తీసేశాను అంటూ వరసగా లైన్లు. జాబ్ ఆపేసరికి 37 పోయాయి. అందులో ఒకటి పత్తి మిల్లు కాటా దగ్గరి కంప్యూటర్. సీజన్ రోజులు, గేటు బయట లారీలు నిలబడిపోయాయి, తూకం బిల్లు రావడం లేదు. అంతకుముందు రాత్రి తీసిన కన్ఫిగ్ బ్యాకప్ ఉంది కాబట్టి ముప్పావు గంటలో అందరినీ వెనక్కి తెచ్చాం. ఆ లారీ డ్రైవర్లలో ఒకరు మిల్లు ఫోన్ నుంచి నాతో మాట్లాడారు. పొద్దున నుంచి వరసలో ఉన్నానన్నా, ఇంకెంతసేపు అని అడిగారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కారణం చాలా చిన్నది. ఏపీఐ జవాబు పేజీలుగా వస్తుంది. మీరు ప్రత్యేకంగా అడగకపోతే నెట్‌బాక్స్ లాంటివి ఒకసారికి 50 రికార్డులే ఇస్తాయి. మా ఇన్వెంటరీ కూడా అంతే. నా స్క్రిప్ట్ మొదటి పేజీ మాత్రం చదివి, మిగతా 162 సర్వీసులు మూసేశారని అనుకుంది. టెస్ట్ సైట్‌లో ఉన్నవి 50 లోపే కాబట్టి అక్కడ బయటపడలేదు.

అప్పటి నుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. తర్వాతి పేజీ లింక్ ఖాళీగా వచ్చేదాకా చదవాలి. మొత్తం ఎన్ని ఉన్నాయో ఏపీఐ చెప్తుంది. నెట్‌బాక్స్‌లో అది జవాబులోనే ఉంటుంది, టీఎం ఫోరం ఏపీఐలలో హెడర్‌లో వస్తుంది. చేతికి వచ్చినవి ఆ సంఖ్యతో సరిపోకపోతే జాబ్ అక్కడే ఆగాలి. ఐడీ వరసలో అడగాలి, లేకపోతే చదువుతుండగా కొత్త రికార్డు చేరి పేజీల మధ్య ఒకటి జారిపోతుంది. తీసేయడం ఎప్పుడూ ఒక్క పరుగులో జరగకూడదు. వరసగా మూడు రాత్రులు ఇన్వెంటరీలో కనిపించకపోతేనే జాబితాలోకి ఎక్కాలి, మనిషి చూసి సరే అనాలి. ఒక ఓఎల్‌టీ మీద ఒకేసారి ఐదు శాతానికి మించి మార్పులు వస్తే, అవి ఏవైనా సరే, ఆగి అడగాలి. ఈ ఆఖరిది ఒక్కటి ముందే ఉండుంటే ఆదోనిలో పదో కస్టమర్ దాకే వచ్చి ఆగేది.

చదవడం కుదురుకున్నాక రాయడం మొదలుపెట్టండి. ఇక్కడ ఏపీఐకి పంపే ఆదేశాల్లో పుట్ వాడితే జాగ్రత్త. అది రికార్డు మొత్తాన్ని మార్చేస్తుంది కాబట్టి మీరు పంపని ఫీల్డులు ఖాళీ అయిపోవచ్చు. మీ ఫీల్డు వరకే మార్చాలంటే ప్యాచ్ వాడండి. మీరు చదివాక, రాసే లోపు వేరేవాళ్లు అదే రికార్డు మార్చి ఉండొచ్చు. మీ ఏపీఐ ఈట్యాగ్ (మీరు చదివిన రికార్డు ఏ వెర్షనో చెప్పే గుర్తు) ఇస్తుంటే దాన్ని వెనక్కి పంపండి. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే 412 అనే ఎర్రర్ వస్తుంది, మళ్లీ చదువుకుని రాయొచ్చు.

టైమౌట్ దగ్గర ఇంకో ప్రమాదం. కొత్త వీలాన్ కేటాయించమని పోస్ట్ (కొత్తది సృష్టించమనే ఆదేశం) పంపారు, జవాబు రాలేదు. పని జరిగిందా లేదా మీకు తెలియదు. మళ్లీ పంపితే ఒకే కస్టమర్‌కు రెండు వీలాన్లు. ఒక స్విచ్‌లో వాడుకునేవి 1 నుంచి 4094 వరకే కాబట్టి ఇలా వృథా అవుతూ పోతే పెద్ద సైట్లలో తొందరగానే తెలిసొస్తుంది. ప్రతి కోరికకూ మీ వైపు నుంచి ఒక రిఫరెన్స్ నంబర్ పెట్టండి. మళ్లీ పంపే ముందు ఆ నంబరుతో ఏదైనా ఉందా అని వెతకండి, ఉంటే దాన్నే వాడండి. మరీ ఎక్కువ కోరికలు పంపారనే 429 ఎర్రర్ వస్తే మాత్రం తొందరపడకండి. రీట్రై ఆఫ్టర్ హెడర్ ఉంటే అది చెప్పినన్ని సెకన్లు ఆగి పంపితే చాలు.

సర్వీస్ స్థితి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బిల్లు దాని మీదే నడుస్తుంది. టీఎంఎఫ్ 638లో డిజైన్డ్, రిజర్వ్‌డ్, ఇనాక్టివ్, యాక్టివ్, టెర్మినేటెడ్ లాంటి స్థితులున్నాయి. మేం మొదట్లో ఓఎల్‌టీ మీద కన్ఫిగ్ ఎక్కగానే యాక్టివ్ అని రాసేవాళ్లం. నంద్యాలలో ఒక పెద్దాయనకు కన్ఫిగ్ ఎక్కింది గానీ ఇంటి దాకా డ్రాప్ కేబుల్ లాగడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులకూ బిల్లు పడింది. ఆయన బిల్లు కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చి, “లైట్ వెలగని డబ్బాకు దుడ్డు ఎట్లా కట్టాలప్పా?” అని అడిగారు. ఆయన అడిగింది న్యాయం. ఇప్పుడు కన్ఫిగ్ ఎక్కితే ఇనాక్టివ్ అనే రాస్తాం. ఓఎన్‌టీ ఆన్‌లైన్‌కు వచ్చి, సిగ్నల్ మైనస్ 27 డీబీఎమ్ (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే మెరుగ్గా ఉండి, పావుగంట నిలబడితేనే ఆటోమేషన్ యాక్టివ్ అని మారుస్తుంది. క్లాస్ బి ప్లస్ అనే రకం ఓఎన్‌టీకి ఆ మైనస్ 27 ఆఖరి గీత. మీరు ఇంకో రెండు డీబీ మార్జిన్ పెట్టుకుంటే ఎండాకాలంలో ఫోన్లు తగ్గుతాయి. యాక్టివ్ అని చేత్తో రాసే హక్కు ఇన్వెంటరీలో ఎవరికీ లేకుండా చేయించాం. ఆ ఒక్క మార్పుకు ఒప్పించడానికి బిల్లింగ్ వాళ్లతో మూడు మీటింగులు పట్టాయి, అయినా పట్టుబట్టాను.

కొత్త ఆర్డర్ రాగానే పని మొదలవ్వాలంటే గంటకోసారి అడగడం కంటే వెబ్‌హుక్ నయం. టీఎం ఫోరం ఏపీఐలలో హబ్ అనే చోట మీ అడ్రస్ నమోదు చేస్తే మార్పు జరిగినప్పుడల్లా కబురు వస్తుంది. ఆ కబురులో ఉన్న డేటాను మాత్రం నేరుగా వాడకండి. రెండు కబుర్లు వెనకాముందు రావచ్చు, ఒకటి రాకపోనూవచ్చు. కబురు వచ్చిందంటే ఆ ఐడీతో వెళ్లి తాజా రికార్డు చదువుకోండి. రాత్రి ఒకసారి మొత్తం సరిచూసే జాబ్ ఎలాగూ ఉంచండి, మీ సర్వర్ ఆగి ఉన్న సమయంలో తప్పిపోయినవి అందులో దొరుకుతాయి.

మీరు రాసినదాన్ని బట్టి మీ ఎక్సెల్ షీట్లో సర్వీస్ ఐడీ కాలమ్ లేదనిపిస్తోంది. ఈ వారం ఒక్క ఓఎల్‌టీ తీసుకుని, సీరియల్ నంబర్లు ఒకే రూపంలోకి మార్చి, ఇన్వెంటరీతో ఎన్ని కలుస్తున్నాయో, ఎన్ని కలవడం లేదో చూడండి. కలవనివి ఏ రకంవో, ఇన్వెంటరీ ఏ కంపెనీదో ఇక్కడ రాస్తే, పేజీలన్నీ చదివి సంఖ్య సరిచూసే పైథాన్ ముక్క నా దగ్గరున్నది మీ ఏపీఐకి తగ్గట్టు మార్చి పెడతాను.