జీఆర్ఈలో ఒక ప్రశ్న తప్పితే తర్వాతి ప్రశ్న సులువుగా వస్తుందా?

రాదు; విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదువులకు రాసే ఈ జీఆర్ఈలో కఠినత్వం మారేది ప్రశ్న ప్రశ్నకీ కాదు, సెక్షన్‌కి. వెర్బల్ (ఇంగ్లిష్), క్వాంట్ (గణితం) రెండింటికీ రెండేసి సెక్షన్లు ఉంటాయి. మొదటిది అందరికీ మధ్యస్థంగానే ఉంటుంది. అందులో మీరు ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సెక్షన్ మధ్యలో ఏదీ మారదు కాబట్టే, సమయం ఉన్నంతవరకూ వెనక్కి వెళ్లి జవాబు దిద్దుకోనిస్తారు.

క్వాంట్‌నే తీసుకోండి. మొదట 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు. అవి బాగా చేస్తే, 26 నిమిషాల రెండో సెక్షన్‌లోని 15 ప్రశ్నలు మొత్తం మీద ఇంకా కఠినంగా వస్తాయి. అవి చూసి కంగారు పడతారు గానీ, నిజానికి అది మంచి కబురే: స్కోరు లెక్కలో కఠినత్వాన్నీ చూస్తారు. సులువైన రెండో సెక్షన్ మొత్తం సరిగ్గా చేసినా గరిష్ఠ స్కోరు 170 దాకా వెళ్లడం కష్టం.

ప్రశ్న ప్రశ్నకీ మారుతుందన్న అపోహ 2011కి ముందు నాటి కంప్యూటర్ పరీక్ష నుంచి వచ్చింది. అప్పట్లో నిజంగానే అలా ఉండేది. ఇంకొకటి, తప్పుకు మార్కులు కోయరు. తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తించండి, ఖాళీ మాత్రం వదలొద్దు.