తాళంచెవి రెండోది మీ దగ్గర ఉందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు. మాది నరసరావుపేట. బెంగళూరులో బెళ్లందూరు దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వైజాగ్ అబ్బాయితో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాను. మాఘమాసంలో పెళ్లి అనుకుంటున్నాం. అతనికి గోర్ అనే ఇంగ్లీషు ఫాంటసీ నవలలంటే పిచ్చి. వాటిలోలాగా మగవాడు యజమాని, ఆడది అతని సొత్తు అన్నట్టు బతకాలని కోరిక. మొదట సరదాకి ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. రోజూ రాత్రి చాప మీద మోకాళ్లపై కూర్చుని, స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల వంచి కాఫీ ఇస్తాను. ఆ సమయంలో 'నేను' అనకూడదు, 'ఈ అమ్మాయి' అనాలి. మెడలో చుడీదార్ కింద సన్నటి స్టీలు గొలుసు, దానికి చిన్న తాళం ఉంటాయి. తాళంచెవి అతని బైక్ కీతో పాటు గుత్తిలో ఉంటుంది. ఆఫీసు మీటింగుల్లో ఆ గొలుసు మెడకు తగులుతుంటే నా టెన్షన్ తగ్గేది.

ఈమధ్య అంతా మారింది. ఆపమని చెప్పడానికి మేం పెట్టుకున్న మాట ఇక వద్దన్నాడు, గోర్‌లో అలాంటివి ఉండవట. నా జీతం తన అకౌంట్‌కి పంపాలట. అమ్మకు ఫోన్ చేయాలన్నా అతన్ని అడగాలి. పెళ్లికి ముందే వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'నేను నీ బానిసను' అని రాసి సంతకం పెట్టమంటున్నాడు. కాదంటే, 'లొంగి ఉండటం ఆడదాని స్వభావం, నువ్వు నీ స్వభావాన్నే ఎదిరిస్తున్నావు' అంటాడు. ఇదంతా నాకు నచ్చడం జబ్బా? ఆ పేపరు చెల్లుతుందా? పెళ్లి చేసుకోవచ్చా?
పేరు వద్దు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు జబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ భయం అలాగే ఉంటే మిగతా మాటలు మీకు ఎక్కవు. ఇది జబ్బు కాదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి, ఒకరు ఆజ్ఞ ఇవ్వడం, ఒకరు లొంగడం అనే పద్ధతి పెట్టుకుంటే వైద్యులు దాన్ని రోగం అనరు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో ఇలాంటి పరస్పర ఇష్టపు అలవాట్లకు చోటు లేదు. ఎదుటి మనిషి ఒప్పుకోకపోయినా హింసించి ఆనందపడటం మాత్రం అందులో రుగ్మతగానే ఉంది. రోజంతా ఆఫీసులో నిర్ణయాలు తీసుకుని తల బొప్పికట్టిన మనిషికి, రాత్రి ఓ గంట ఆ బరువు ఇంకొకరి చేతిలో పెట్టాలనిపించడం నాకు ఎంతమాత్రం వింతగా అనిపించదు. మల్లేశ్వరంలో నా దగ్గరికి ఇలాంటి కోరికల గురించి సలహాకి వచ్చేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. మీకు నచ్చినదాని గురించి సిగ్గుపడకండి.

ఇక గోర్ సంగతి. అతను ఆ పేరు చెప్పి మీ నోరు మూయిస్తున్నాడు కాబట్టి దీని గురించి కాస్త వివరంగానే చెబుతాను. ఇలాంటి జంటలు వస్తుండటంతో ఆ నవలలు కొన్ని నేనూ చదివాను. మొదటిది 1966లో వచ్చింది. రాసినాయన న్యూయార్క్‌లోని క్వీన్స్ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, కలం పేరు జాన్ నార్మన్. ఇప్పటికి ముప్పైకి పైగా నవలలు అయ్యాయి. సూర్యుడికి అవతలి వైపు, మనకు కనబడకుండా తిరిగే గ్రహం గోర్. అక్కడ కత్తులు, ఈటెలు, మనుషుల్ని మోసుకెళ్లే పెద్ద పెద్ద పక్షులు ఉంటాయి. సమాజమంతా కులాలే. పై కులాలు ఐదు, ఒక్కోదానికి ఒక్కో రంగు: పూజారులకు తెలుపు, లేఖకులకు నీలం, భవనాలు కట్టేవాళ్లకు పసుపు, వైద్యులకు ఆకుపచ్చ, యోధులకు ఎరుపు. భూమి మీద నుంచి ఎత్తుకుపోయిన అమ్మాయిలను అక్కడ బానిసలుగా అమ్ముతారు, ఆ బానిసను కజీరా అంటారు. ఆమె మెడకు పట్టీ వేస్తారు, మోకాళ్ల మీద కూర్చునే భంగిమలు నేర్పిస్తారు, యజమానికి పానీయం ఎలా అందించాలో నేర్పిస్తారు. మీ చాప, మీ కాఫీ వచ్చింది అక్కడి నుంచే. ఆ నవలల్లో కాఫీ కూడా ఉంది, పేరు 'నల్ల మద్యం', చాలా ఖరీదు.

అయితే అతను మీకు చెప్పనివి కొన్ని ఉన్నాయి. 'ఈ అమ్మాయి' అని మాట్లాడటం పుస్తకాల్లోని నియమం కాదు. 1990లలో ఇంటర్నెట్ చాట్ రూముల్లో గోర్ ఆట ఆడినవాళ్లు అలవాటు చేసుకున్నది. పుస్తకాల్లో బానిసలు ఎక్కువగా 'నేను' అనే మాట్లాడతారు. అవే నవలల్లో మగ బానిసలున్నారు, వాళ్లను కొనుక్కునే స్వతంత్ర స్త్రీలున్నారు, అడవుల్లో మగవాళ్లను పట్టుకుని అమ్మేసే ఆడవాళ్ల గుంపులున్నాయి. లొంగడం ఆడదాని స్వభావమైతే వీళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు? అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. గోర్‌లో పెళ్లి లాంటి బంధాన్ని స్వతంత్ర సహవాసం అంటారు. అది ఏడాదికే. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ మళ్లీ ఒప్పుకోకపోతే ఆ బంధం ముగిసినట్టే. అంతగా గోర్ ప్రకారమే బతకాలనుకుంటే ఈ ఒక్క నియమాన్ని ఎందుకు పక్కన పెట్టాడో అతన్ని అడగండి.

నవలలో ఎత్తుకొచ్చిన అమ్మాయి మొదట ఏడుస్తుంది, తిరగబడుతుంది, చివరికి 'ఇదే నా నిజమైన స్వభావం' అని సంతోషపడుతుంది. దాదాపు ప్రతిసారీ అలాగే. ఎందుకంటే ఆమె మనసులో ఏముందో రాసేది కూడా రచయితే. బెళ్లందూరు ఫ్లాట్‌లో మీ మనసును వేరేవాళ్లు రాయడం కుదరదు. మీరు 'వద్దు' అంటే దానికి వద్దు అనే అర్థం. మీ వద్దు కూడా చివరికి సరే అవుతుందని అతను నమ్ముతుంటే, అతను మీతో కాక ఆ పుస్తకంతో కాపురం చేస్తున్నట్టు.

గోర్ పద్ధతిలో బతికేవాళ్లలో రెండు రకాలున్నారు. కొందరికి ఇది ఆట, హద్దులున్న ఆట. ఇంకొందరు ఇది ప్రకృతి ధర్మం అంటారు, కట్టేయడం, ఆజ్ఞలివ్వడం, లొంగడం లాంటివి ఇష్టపడి చేసుకునే బీడీఎస్ఎం వాళ్లతో తమను కలపొద్దంటారు, సేఫ్ వర్డ్, అంటే ఆపమని చెప్పే మాట, తమకు అక్కర్లేదంటారు. నా భయమంతా ఈ రెండో మాటతోనే. ఆట అనుకున్నంతసేపూ ఎప్పుడైనా ఆపవచ్చు. ప్రకృతి అన్నారంటే ఆపే హక్కే పోతుంది, ఆపినవాళ్లదే తప్పవుతుంది. పుట్టుకతోనే నీ చోటు ఇది, నీ పని ఇది, ఎదిరిస్తే ధర్మం తప్పినట్టు అనే మాట మన పల్లెల్లో తరతరాలుగా ఎంతమందిని గుడి బయట, బావి బయట నిలబెట్టిందో మీకు తెలియనిది కాదు. రంగుల కులాలతో ఇంగ్లీషు నవలలో వచ్చినంత మాత్రాన అది కొత్త మాట అయిపోదు. నేను దాన్ని ఒప్పుకోను.

మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది గొలుసు కాదమ్మా, జీతమూ ఫోనూ. చాప మీద కాఫీ ఇవ్వడం మీ ఇద్దరి మధ్య రాత్రి పూట జరిగే వ్యవహారం. జీతం అతని అకౌంట్లో పడితే అది ఒకటో తారీఖు నుంచి ముప్పయ్యో తారీఖు దాకా, మీరు ఆఫీసులో ఉన్నా, ఊళ్లో ఉన్నా నడుస్తూనే ఉంటుంది. రేపు మీరు ఆగిపోదామనుకున్నా ఆటో డబ్బులకు అతన్నే అడగాలి. అమ్మతో మాట్లాడటానికి అనుమతి అంటే, మీకేమైనా అయితే కనిపెట్టే మనిషిని తప్పించడమే. ఈ రెండూ ఏ ప్రేమలోనూ, ఏ ఆటలోనూ ఒప్పుకోకండి.

స్టాంపు పేపరు చెల్లదు. బానిసత్వాన్ని మన దేశంలో కోర్టులు గుర్తించకూడదని 1843లోనే చట్టం వచ్చింది. రాజ్యాంగంలో 23వ అధికరణ మనుషుల అమ్మకాన్నీ, వెట్టినీ నిషేధించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చట్టవిరుద్ధమైన పనికి రాసుకున్న ఒప్పందానికి విలువ లేదు. చెల్లదు కదా అని సంతకం మాత్రం పెట్టకండి. అలాంటి కాగితం కోర్టుకు పోదు, మీ నాన్నగారికి చూపిస్తానని బెదిరించడానికి పనికొస్తుంది. భయంతో ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదని భారతీయ న్యాయ సంహితలో 28వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉంటున్న స్త్రీకి 2005 గృహహింస చట్టం వర్తిస్తుంది. డబ్బు మీద పెత్తనం చేసి మనిషిని నిస్సహాయంగా వదిలేయడం కూడా ఆ చట్టంలో హింస కిందికే వస్తుంది. ఇష్టపడి చేసుకునేదాని జోలికి పోలీసులు ఊరికే రారు. 2006లో ఇంగ్లండ్‌లో డార్లింగ్టన్ అనే ఊళ్లో గోర్ పద్ధతిలో బతుకుతున్న ఒక ఇంటికి పోలీసులు వెళ్లినా, అక్కడున్నది ఇష్టపడి వచ్చిన పెద్దవాళ్లే అని తేలాక కేసు పెట్టలేదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఇంట్లో కాకుండా, పదిమంది మసిలే హోటల్లో ఓ ఆదివారం పొద్దున కూర్చోండి. ఆ రోజు గొలుసు తీసేసి వెళ్లండి. తీయడానికి తాళంచెవి అడిగితే అతను ఇవ్వకపోతే మీకు జవాబు అక్కడే దొరికింది. నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి: ఆపమని చెప్పే మాట మళ్లీ ఉండాలి, అది విన్న క్షణంలో అన్నీ ఆగాలి; జీతం నాది; అమ్మ నాది; గొలుసుకున్న తాళానికి రెండో తాళంచెవి నా పర్సులో ఉంటుంది. అతని ముఖం చూడండి. సిగ్గుపడి, 'చాలా దూరం పోయాను' అని ఒప్పుకుని, మర్నాటి నుంచి మారినవాడితో ముందుకు పోవచ్చు. అలాంటివాళ్లను నేను చూశాను, కొన్నేళ్లుగా చాప, కాఫీ కొనసాగిస్తూ హాయిగా ఉన్నవాళ్లనూ చూశాను. అలిగి, మాట్లాడటం మానేసి, 'నువ్వు నిజమైన కజీరావి కాదు' అని మిమ్మల్నే తక్కువ చేస్తే మాత్రం ఆ మనిషితో పెళ్లి వద్దు. ఏదైనా సరే, మాఘంలో ముహూర్తం పెట్టకండి. కనీసం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. హాలుకు అడ్వాన్సు ఇచ్చామే అని ఆగకండి, అడ్వాన్సు పోతే పోయింది.

ఈలోపు ఆధార్, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, ఓ నెల ఖర్చులకు డబ్బు నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లో పెట్టండి. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. చెయ్యి చేసుకున్నా, బయటికి పోనివ్వకపోయినా 112 కి చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181. బెంగళూరు పోలీసుల వనితా సహాయవాణి 1091. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, ఖర్చేమీ ఉండదు. అక్కడ ఈ అలవాట్లన్నీ విప్పి చెప్పక్కర్లేదు, 'నన్ను కంట్రోల్ చేస్తున్నాడు' అంటే చాలు. అన్నట్టు ఈ రోజే అమ్మకు ఫోన్ చేయండి, ఎవర్నీ అడక్కుండా.

ప్రశ్న: నాకు 34. కె.ఆర్. పురంలో ఉంటాం, పెళ్లయి ఐదేళ్లు. నా భార్య స్కూల్ టీచరు, మాది చిత్తూరు జిల్లా. నాకు ఆమె ఆజ్ఞలిస్తే నేను పాటించాలని, ఆమె ముందు మోకాళ్ల మీద ఉండాలని ఎప్పటి నుంచో కోరిక. ఇలాంటి కథలు చదువుతుంటాను. చెబితే నన్ను మగాడిలా చూడదేమోనని భయం. ఎలా చెప్పాలి?
ఒక భర్త, బెంగళూరు

జవాబు: పడకగదిలో చెప్పకండి. బాల్కనీలో కూర్చుని, ఆమెకు తొందరేమీ లేని రోజు చెప్పండి. కథలన్నీ ఏకరువు పెట్టకుండా ఒక్క చిన్న కోరిక చెప్పండి: ఓ రాత్రి గంటసేపు అన్నీ నువ్వే నిర్ణయించు, నేను వింటాను అని. ఆమె నవ్వితే నవ్వనివ్వండి. కొత్త సంగతి విన్నప్పుడు చాలామంది ముందు నవ్వేస్తారు, అది మిమ్మల్ని తక్కువ చేసినట్టు కాదు. ఆలోచించుకోవడానికి వారం, రెండు వారాలు ఇవ్వండి, మధ్యలో గుర్తు చేయకండి. పొద్దున్నుంచి నలభై మంది పిల్లలకు ఆజ్ఞలిచ్చి వచ్చిన మనిషికి ఇంట్లో మళ్లీ ఆజ్ఞలివ్వడం అంటే అలుపు కూడా కావచ్చు, అది గుర్తుంచుకోండి.

ఆమె సరేనంటే, ఇద్దరూ ముందే కొన్ని మాటలు అనుకోండి. 'రెడ్' అంటే అంతా ఆగిపోవాలి, 'ఎల్లో' అంటే నెమ్మదించాలి. ఆజ్ఞ ఇచ్చేవాళ్లకు కూడా 'రెడ్' అనే హక్కు ఉంటుంది, చాలామంది ఈ సంగతే మర్చిపోతారు. మెడ మీద ఒత్తిడి ఏ రకంగానూ వద్దు, దానికి సురక్షితమైన పద్ధతి లేదు. చేతులు కట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కగానే విప్పాలి, పక్కనే మొద్దు కొన ఉన్న కత్తెర ఉంచుకోండి. టైల్స్ మీద మోకాళ్లు పెడితే రెండు రోజులు నొప్పులు, కింద మందపాటి దుప్పటి వేసుకోండి. అయిపోయాక ఇద్దరూ మంచినీళ్లు తాగి, పక్కపక్కన పడుకుని, ఏది బాగుంది, ఏది బాగోలేదు చెప్పుకోండి.

ఆమె వద్దంటే, వద్దు. ఆ తర్వాత ఆమెకు తెలియకుండా ఆన్‌లైన్లో ఎవరికో డబ్బులు పంపి ఆజ్ఞలు ఇప్పించుకోవద్దు. అలాంటి చోట ఫోటోలు తీసుకుని బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లు ఉంటారు. పట్టీలు, గొలుసులు ఆర్డర్ పెట్టడం అంటారా, ఆమె సరేనన్న తర్వాతే, అదీ ఇద్దరూ కలిసి చూసుకుని.