సేంద్రియ కూరగాయల గ్రూపులకి బండి కన్నా ముందు విత్తే లెక్క కావాలి

మీ ప్రశ్న చదివానండి. గజపతినగరం వైపు నాలుగైదు రైతు గ్రూపులు మందుల్లేకుండా కూరగాయలు పండిస్తున్నాయి, కానీ విజయనగరం, విశాఖ చేరేసరికి కొంత వాడిపోతోంది, మిగిలింది మామూలు రేటుకే పోతోంది, కోల్డ్ స్టోరేజీ కట్టించుకోవాలా, యాప్ పెట్టుకోవాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ వద్దు. నేను గంట్యాడ దగ్గర మహిళా సంఘాల గ్రూపుల సరుకు పోగుచేసి పట్నానికి పంపే పని చూస్తున్నాను. మన దగ్గర సరఫరా గొలుసు తెగేది దారిలో కాదండి, విత్తనం వేసే రోజునే.

ఎలాగంటే, మంచి వాన పడిన వారంలో ఊరంతా బెండే వేస్తుంది. 45-50 రోజులకి అందరి కోతా ఒకేసారి మొదలవుతుంది, ఆ నెల బెండ కుప్పలుగా వచ్చి పడుతుంది, అది అయిపోయాక ఎవరడిగినా ఒక్క కాయ ఉండదు. పట్నంలో కొనేవాళ్లకి కావాల్సిందేమో వారం వారం ఐదారు రకాలు, కొద్దికొద్దిగా. రెండు వారాలు మనం ఇవ్వలేకపోతే మూడో వారం వాళ్లు మన ఫోనే ఎత్తరు.

అందుకని ముందు కొనేవాళ్ల లెక్క తీయండి. వంద ఇళ్లు ఒప్పుకున్నాయి, ఇంటికి వారానికి కిలో బెండ అనుకుంటే మీకు కావాల్సింది వారానికి వంద కిలోలే. దానికి సరిపడా మాత్రమే వేయాలి, అదీ 15-20 రోజుల తేడాతో విడతలుగా, ఎవరు ఎప్పుడు వేయాలో గ్రూపు మీటింగులో పేర్లతో సహా రాసుకోవాలి. తోటకూరైతే వారానికో మడి. "నీళ్లున్నప్పుడే కదా వేసుకుంటాం" అంటారు, అదీ నిజమే, కాబట్టి వేసవి వాటా బోరున్నవాళ్లకి, ఖరీఫ్ వాటా వర్షాధారం వాళ్లకి ఇవ్వండి. కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు, కూరగాయలకి గిరాకీ పెరుగుతుంది, దానికోసం వెనక్కి లెక్కేసుకుని భాద్రపదంలోనే విత్తాలి. కానీ అది తుఫాన్ల కాలం కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాలికి కూలిపోయే పందిరి పాదుల్నే నమ్ముకోకుండా, నేలలో ఊరే కంద, చేమ కూడా కొంత పెట్టుకోండి.

ఇక వాడిపోవడం సంగతి. కోత తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే అయిపోవాలి. మా పాక దగ్గర క్రేటు దించగానే చెయ్యి లోపలికి పెట్టి చూస్తాం, కాయ చల్లగా తగలాలి. ఎండలో కోసిన బెండని అలాగే క్రేటులో మూసేస్తే లోపల చెమట పట్టి సాయంత్రానికి అంచుల వెంట నల్లబడిపోతుంది. బెండ మీద నీళ్లు చల్లకండి, ఆకుకూర మీద మాత్రం తడిపిన గోనెపట్టా కప్పండి, వంకాయని ముచికతోనే కోయండి, గోనెల్లో తొక్కి కట్టడం పూర్తిగా మానేయండి. ఒక రాత్రి నిలవ ఉంచాల్సి వస్తే కరెంటు అక్కర్లేని చల్లని గది ఉంది, రెండు ఇటుక గోడలు, మధ్యలో ఇసుక, ఆ ఇసుకని రోజూ తడుపుతూ ఉండటమే. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతి ఇది. ప్రతి క్రేటుకీ రైతు నంబరు, కోసిన తేదీ రాసిన చీటీ కట్టండి. పుచ్చు వంకాయలు వచ్చాయని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఒక్క పొలానికి వెళ్లి చూసి వస్తాం, గ్రూపు మొత్తానికి చెడ్డపేరు రాదు.

అన్నిటికన్నా కష్టమైంది డబ్బు. రైతు షావుకారు దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడో ఆలోచించండి. తరుగు తీసినా, కమిషన్ పట్టుకున్నా, మదుపుకి ముందే డబ్బిచ్చేది ఆయనే, సరుకు దించగానే చేతిలో పెట్టేదీ ఆయనే. మీరు పది రూపాయలు ఎక్కువిస్తామని చెప్పి నెల తర్వాత ఇస్తే ఎవరూ నిలబడరు. కొనేవాళ్ల దగ్గర నెల డబ్బు ముందే తీసుకోండి, రైతుకి ఆ రోజు సాయంత్రమే ఫోన్‌పే చేయండి. రేటు కూడా సీజనుకి ఒకటే కట్టండి. బయట టమాటా రేటు ఆకాశానికి వెళ్లినప్పుడు కొందరు సరుకు బయటికి మళ్లిస్తారు, అది పడిపోయినప్పుడు కూడా మీరు అదే రేటు ఇచ్చి చూపించాకే వాళ్లకి నమ్మకం కుదురుతుంది. ఈ నమ్మకానికి ఒక ఏడాది పడుతుంది, తొందరపడి లాభం లేదు.

సర్టిఫికెట్ గురించి టెన్షన్ పడకండి. 2017 నాటి ఆహార భద్రతా నియమాల ప్రకారం చిన్న రైతులు, వాళ్ల సంఘాలు నేరుగా ఇళ్లకి అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, షాపుల ద్వారా సేంద్రియమని చెప్పి అమ్మాలంటే కావాలి. అప్పుడు పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) సర్టిఫికెట్ తీసుకోండి, కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది, చిన్న గ్రూపులకి బాగా సరిపోతుంది.

మిగిలిన సరుకుకి రైతుబజారు ఉండనే ఉంది. బండి మాత్రం మొదట్లో సొంతంగా కొనకండి, వారానికి రెండు రోజులు కిరాయికి మాట్లాడుకోండి. మీ గ్రూపుల్లో బోరు ఎంతమందికి ఉంది, ఇప్పుడు ఏ నెలలో ఏం వేస్తున్నారు అన్నది కింద రాయండి, విడతలు ఎలా పంచుకోవచ్చో కూర్చుని లెక్కేసి చెప్తాను.