16కి 11 వస్తే పట్టేసినట్టేనా?

చి. కార్తీక్‌కి,

నీ ఏబీఎక్స్ పరీక్ష ఫలితాలు చూశాను, అదే, ఏ, బీ రెండూ వినిపించి, దాచిపెట్టిన ఎక్స్ ఆ రెండింట్లో ఏదో చెప్పమనే పరీక్ష. ధ్వనిలో ఏమీ కోల్పోని ఫ్లాక్ ఫైలుకీ, కొంత వదిలేసి కుదించిన 192 కేబీపీఎస్ ఎంపీత్రీకీ తేడా తెలిసిపోతోందని రాశావు, 16కి 11 అట. తొందరపడకు. ఏమీ వినకుండా ఊరికే నొక్కుకుంటూ పోయినా 11 గానీ అంతకు మించి గానీ రావడానికి 10.5 శాతం అవకాశం ఉంది. 12 వస్తే అది 3.8కి దిగి, గుడ్డి అదృష్టం కాదని ఒప్పుకోవడానికి అందరూ వాడే 5 శాతం గీత లోపలికి వస్తుంది. ఆ గీత కూడా గణాంక శాస్త్రవేత్త ఫిషర్ కాలం నాటి అలవాటే, చెవులకి సంబంధించిన లెక్కేం కాదు. పైగా 3.8 వచ్చిందంటే 96 శాతం నిజంగా వినిపించినట్టని చదువుకోకు. తేడా అసలు తెలియని మనిషికి 12 గానీ అంతకు మించి గానీ మార్కులు ఎంత తరచుగా పడతాయో మాత్రమే అది చెబుతుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నీ రెండో మాట: "బాగా వస్తున్నప్పుడు ఆపేశాను." మొదటి 5కి 5 రావడం 32లో ఒక వంతు, అంటే 3.1 శాతం. అక్కడ ఆపితే గెలుపే! కుదరకపోతే 10 దాకా చూద్దాం, అదీ కాకపోతే 16 దాకా అనుకుంటూ పోతే ఆ 5 శాతానికి అర్థమే ఉండదు. ఎన్నిసార్లు వినాలో ముందే కాగితం మీద రాసుకో. మధ్యలో స్కోరు కనబడకుండా దాచేసుకో.

మీ హాస్టల్లో 20 మంది చేస్తే ఒకడికి 13 వచ్చిందన్నావు. అందరూ గుడ్డిగా నొక్కినా ఒక్కడికైనా 12 గానీ అంతకు మించి గానీ వచ్చే అవకాశం సగానికి పైనే. వాడి చేత ఇంకోసారి చేయించు, ఆ రెండో స్కోరే లెక్క.

అలాగని మార్కులు రానివాళ్ళకి తేడా వినబడలేదని తీర్పు చెప్పకు. నిజంగానే పదిలో ఏడుసార్లు పట్టగల మనిషి కూడా 16 సార్ల పరీక్ష పెడితే సగానికి పైగా పరీక్షల్లో 12 అందుకోలేడు. అందుకే 40, 50 సార్లు చెయ్యాలి, మధ్యమధ్య చెవికి విశ్రాంతినిస్తూ.

వాల్యూమ్ రెండింటికీ సమానం చేశావా? అది లేకపోతే ఇదంతా దండగ.

పాటంతా వినకు. కంజిర దెబ్బో చప్పట్లో ఉన్న రెండు సెకన్ల ముక్క తీసుకో. ఎంపీత్రీలో దెబ్బకి ముందే సన్నని మసక చప్పుడు వస్తుంది, దొరికితే అక్కడే దొరుకుతుంది. ఎటొచ్చినా సరే, మొత్తం పట్టీ పంపు, బాగా వచ్చినవి ఏరి పంపకు.

ఆశీస్సులతో,
పెదనాన్న