ఆగినప్పుడే వణికే కారు: ఇంజిన్ దింపాలా?

ప్రశ్న: నాది 2016 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. నరసన్నపేట నుంచి రోజూ శ్రీకాకుళంలో ఆఫీసుకి వెళ్లివస్తాను. ఈ మధ్య డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, సీటు, స్టీరింగు అన్నీ వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. హైవే మీద వణుకు తెలియదు గానీ పికప్ తగ్గింది. చెక్ ఇంజిన్ లైటు ఒక్కోసారి వచ్చి పోతోంది. మెకానిక్ ఇంజిన్ మౌంటింగులన్నీ మార్చాడు, వారం బాగుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు ఇంజిన్ దింపి చూడాలంటున్నాడు. దింపమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: వద్దండీ, అప్పుడే ఆ మాట ఎందుకు. జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. పికప్ తగ్గింది, లైటు వచ్చి పోతోంది అన్నారు చూడండి, మౌంటింగ్ పోతే ఈ రెండూ జరగవు. మౌంటింగ్ అంటే ఇంజిన్ అదురు బాడీకి తగలకుండా ఆపే రబ్బరు, అంతే. అది చిరిగితే ఇంజిన్ చక్కగా నడుస్తూనే లోపల కూర్చున్నవాళ్లకి అదురు తెలుస్తుంది, గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు దడ్‌మని కొడుతుంది. మీ బండిలో ఇంజినే సరిగ్గా నడవడం లేదు. ఏదో ఒక సిలిండర్ మండాల్సినప్పుడు మండడం లేదు, మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే. మౌంటింగులు మార్చాక వారం ఎందుకు బాగుందంటారా? కొత్త రబ్బరు అదురుని కొంత మింగి ఉంటుంది, ఈలోగా అసలు లోపం ముదిరి ఉంటుంది.

ఆగినప్పుడే ఎందుకు వణుకుతోందంటే, మీ బండిలాంటి ఇంజిన్ ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది, ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది కాబట్టి ఒక్కో దాని వంతు నిమిషానికి 400 సార్లు. అందులో ఒకటి మండకపోతే సెకనుకి ఆరేడు సార్లు ఇంజిన్ తడబడుతుంది, అది మన ఒంటికి బాగా తెలిసే అదురు. అదే హైవే మీద 2500, 3000 చుట్ల మీద తిరుగుతుంటే ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) ఊపు ఆ ఖాళీని దాటించేస్తుంది, వణుకు తెలియదు, పికప్ మాత్రం పడిపోతుంది. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు కూడా ఆ మిగిలిన మూడు సిలిండర్ల మీదే పడుతుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటి ఇంట్లోనే చేయండి. ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ గొట్టం వెనక, తగలకుండా, చిన్న కాగితం పట్టుకోండి. గాలి ఒకే తీరుగా వస్తే కాగితం ఒకే తీరుగా ఆడుతుంది. మధ్యమధ్యలో లయ తప్పి బుస్సు బుస్సుమంటే మిస్సింగ్ ఉన్నట్టే అనుకోవచ్చు.

తర్వాత స్కానర్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం. మీది 2016 బండి కాబట్టి డ్యాష్‌బోర్డు కింద దాన్ని తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. లైటు ఆరిపోయినా కోడ్ చాలాసార్లు మెమరీలో ఉండిపోతుంది, అందుకే బ్యాటరీ వైరు పీకి లైటు పోగొట్టడం లాంటివి చేయనివ్వకండి, ఉన్న సాక్ష్యం కాస్తా చెరిగిపోతుంది. పి 0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, 0302 అంటే రెండోది, అలా 0304 దాకా. 0300 అని వస్తే ఫలానా సిలిండర్ అని కాదు, ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లలో అక్కడక్కడా వస్తోందని.

ఉదాహరణకి 0302 వచ్చిందనుకోండి. వెంటనే కొత్త కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది) కొనొద్దు. సిలిండర్‌కో కాయిల్ ఉన్న ఇంజినే అయితే, ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి నడిపి చూడమనండి. ఈసారి 0303 వస్తే దోషం కాయిల్‌దే, దానితోపాటే ప్రయాణం చేసింది కదా. మళ్లీ 0302నే వస్తే కాయిల్ బాగానే ఉంది, ప్లగ్ (సిలిండర్‌లో నిప్పు వేసేది) కూడా అలాగే మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది). పైసా పార్టు కొనకుండా రోగం ఎక్కడుందో దాదాపు తేలిపోతుంది. ఇంత సులువైన పని వదిలేసి ముందు మౌంటింగులకి వెళ్లడమేంటో నాకు అర్థం కాదు.

ప్లగ్గులు ఎలాగూ విప్పుతారు కాబట్టి పక్కన ఉండి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువైందని, పెట్రోల్‌తో తడిసి ఉంటే అక్కడ నిప్పు పడలేదని, జిడ్డుగా ఆయిల్ ఉంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లో అరిగాయని అనుమానం. ఒకవేళ కొస బాగుండి, ప్లగ్ కూర్చునే గుంటలో మాత్రం ఆయిల్ నిలిచి ఉంటే భయపడాల్సింది లేదు, పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారుతున్నట్టు. ఆ ఆయిల్‌లో నాని కాయిల్ రబ్బరు పాడై నిప్పు పక్కకి పోతుంది. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ. సాధారణ ప్లగ్గులైతే 30, 40 వేల కిలోమీటర్లకి మార్చేయాల్సినవే, మీవి ఎప్పుడు మార్చారో రాయలేదు. నాకు మొదటి అనుమానం అక్కడే.

0300 వచ్చినా, అసలు కోడే లేకపోయినా దారి వేరు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే త్రాటిల్ బాడీలో కార్బన్ పట్టిందేమో, గాలి పైపు ఎక్కడైనా పగిలి దొంగగాలి పీలుస్తోందేమో చూడాలి. దొంగగాలి అయితే రేజ్ చేయగానే వణుకు తగ్గుతుంది, బానెట్ తీసి వింటే సన్నగా బుసకొట్టే చప్పుడు వినిపిస్తుంది.

ఇవన్నీ బాగున్నాయని తేలాక మాత్రమే ఇంజిన్ లోపలి మాట. అప్పుడు కూడా విప్పే ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూడమనండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం లోపుంటే విప్పాల్సిన పని లేదు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ (ఇంజిన్ పైభాగం) కింద ఉండే ప్యాకింగో. వాల్వులైతే హెడ్ దింపితే చాలు, ఇంజిన్ మొత్తం దింపక్కర్లేదు. ఈ అంకెలు చూపించకుండా ఇంజిన్ దింపుదాం అనేవాళ్లకి బండి ఇవ్వకండి.

ఒక్క హెచ్చరిక. లైటు వెలిగి ఉంటే నెమ్మదిగా షెడ్డుకి తీసుకెళ్లొచ్చు. కానీ మిణుకు మిణుకుమంటూ కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కకి తీసి ఆపేయండి. మండని పెట్రోల్ సైలెన్సర్ గొట్టంలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది పాడైతే అయ్యే ఖర్చు ముందు కాయిల్, ప్లగ్గులు ఏ మూలకీ రావు.

ప్రశ్న: మాది విజయనగరం. కారు వారానికోసారి తీస్తాం. వర్షాలప్పుడు ఉదయం స్టార్ట్ చేస్తే ఒకటి రెండు నిమిషాలు గడగడలాడి తర్వాత మామూలుగా నడుస్తుంది. వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి, కంగారూ వద్దు. ప్లగ్ గుంటల్లో చెమ్మ చేరినా, ప్లగ్గులు అరిగినా, రాత్రంతా ఇంజెక్టర్ కొంచెం కారినా ఇలాగే ఉంటుంది. ఈ మధ్య ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టించారా? అయితే ముందు కాయిల్ తీసి లోపల ఆరబెట్టించండి. బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి, ధాన్యం బస్తాల పక్కన నిలిపే బండ్లకి ఇది మామూలే. వీటన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో ఎక్కడిదాకా ఉందో గీత పెట్టుకోండి. బయటికి ఎక్కడా కారకుండానే తగ్గుతోందంటే, తెల్లపొగ కూడా ఆగకుండా వస్తోందంటే, హెడ్ ప్యాకింగ్ నుంచి సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి. చల్లటి పొద్దున కాసేపు వచ్చే ఆవిరి మాత్రం లెక్కలోది కాదు.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. నా డీజిల్ బండి 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ఇంజెక్టర్లు మార్చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: బండి ఆపి, న్యూట్రల్‌లో, 80లో ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) చూపిస్తుందో అంత వరకూ రేజ్ చేయండి. వణకకపోతే ఇంజెక్టర్ల మాట మరిచిపోండి, ముందు చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించండి, గోతుల్లో పడి రిమ్ వంగిందేమో, టైరు పక్కన ఉబ్బిందేమో చూడండి. బ్రేకు తొక్కినప్పుడే ఎక్కువ వణుకుతుంటే ముందు డిస్కులు చూపించాలి.