ఫ్లాట్ తాకట్టు పెట్టి ఆల్బమ్ చేసింది!

ప్రశ్న: సార్, నేను కీబోర్డు మీద సింథ్ పాప్ (ఎలక్ట్రానిక్ వాద్యాలతో చేసే పాప్) పాటలు కడుతుంటాను. కంపెనీ అండ లేకుండా సొంతంగా ఆల్బమ్ చేసినవాళ్లున్నారా?
– ఓ డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: ఎందుకు లేరు తల్లీ! ఇంగ్లండ్ గాయని ఇమోజెన్ హీప్ తన ఫ్లాట్ తాకట్టు పెట్టి 2005లో 'స్పీక్ ఫర్ యువర్‌సెల్ఫ్' తెచ్చింది. రాయడం, పాడటం, మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాల్ని కలిపి కూర్చడం) అన్నీ తనే. అందులో 'హైడ్ అండ్ సీక్' నాకు ప్రాణం. కంప్యూటర్ మొరాయించిన రాత్రి హార్మొనైజర్‌కి, అంటే ఒక గొంతును పలు స్వరాలుగా వినిపించే పెట్టెకి, కీబోర్డు తగిలించి పాడిన పాట అది. డ్రమ్స్ లేవు. గొంతు ఒక్కటే, ఎన్ని మీటలు నొక్కితే అన్ని స్వరాలుగా విచ్చుకుంటుంది.

ప్రొద్దుటూరు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు కీబోర్డు వాయించినవాణ్ని. ఆ పాట విన్న రోజు పాత కాసియో దించి, ఒక్క 'స' నొక్కిపెట్టి దానిమీదే పాడుకుంటూ కూర్చున్నా. అన్నం చల్లారుతోందని మా ఆవిడ మూడుసార్లు పిలిచింది.

2010లో ఆమెకు 'ఎలిప్స్' ఆల్బమ్ ఇంజినీరింగ్‌కి గ్రామీ అవార్డు వచ్చింది. పాటకు కాదు, సౌండ్ పనికి! అందుకే మిక్సింగ్ కూడా నేర్చుకో. నువ్వు మాత్రం ఇల్లు తాకట్టు దాకా పోవద్దు, ఫోన్‌లోనే మొదలుపెట్టు. గొంతు రాత్రిపూట రికార్డు చెయ్యి, వెనకాల మందపాటి దుప్పటి వేలాడదీసి. ఉక్కపోసినా సరే, ఫ్యాన్ ఆపు.