ఒకరిద్దరు రోగుల గురించి రాసే కేస్ రిపోర్టుల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. అరుదైన జబ్బుల్లో మొదటి ఆధారం చాలాసార్లు అదే.

యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడు వాపు జబ్బు సంగతే చూడండి. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి నాలుగు రోజులు తలనొప్పి, జ్వరం. ఆ తర్వాత నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, పొంతన లేకుండా మాట్లాడుతుంది. ఇంకొన్నాళ్లకు ఫిట్స్, మూతి, నాలుక వాటంతటవే కదులుతుంటాయి. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుంటారు, డాక్టర్లు కూడా మానసిక జబ్బేమో అనుకుంటారు.

2005లో ఇలాంటి నలుగురు స్త్రీల వివరాలు అచ్చయ్యాయి. నలుగురికీ అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. 2007లో నరాల డాక్టర్ జోసెప్ దల్మావ్ బృందం 12 మందిని పరిశీలించి అసలు కారణం పట్టుకుంది: ఒంట్లో తయారైన యాంటీబాడీలే మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద దాడి చేస్తున్నాయి.

ఇప్పుడు వెన్ను నుంచి తీసిన నీటిలో ఆ యాంటీబాడీల కోసం టెస్ట్ చేస్తారు. గడ్డ ఉంటే తీసేస్తారు. యాంటీబాడీల దాడిని తగ్గించడానికి స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, అవసరమైతే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తారు. నెలలు పట్టినా చాలామంది కోలుకుంటారు. గడ్డ అందరికీ ఉండదు, మగవాళ్లకూ పిల్లలకూ కూడా ఈ జబ్బు వస్తుంది.

అయితే ఒక్క కేసులో మందు పనిచేసిందని అందరికీ పనిచేస్తుందనుకోకూడదు. దానికి పెద్ద అధ్యయనాలే కావాలి.